ప్రహరీ లేని ఇంటికి కుక్కను ఇవ్వొచ్చా? ఒక దత్తత కేసు

కుక్కల దత్తత షరతులు మరీ ఎక్కువయ్యాయా అన్న వాదన దిక్కులేని కుక్కల్ని చేరదీసి ఇళ్లకిచ్చే మా వాలంటీర్ల గ్రూపులో ఎప్పుడూ ఉండేదే. అడిగినవాళ్లకి ఇవ్వకుండా షెడ్డులో మగ్గబెడుతున్నారని కొందరంటారు. అడిగిన ప్రతివాళ్లకీ ఇస్తే మళ్లీ రోడ్డు మీదే తేలతాయని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఊరికే వాదించుకుంటే ఇది ఎన్నాళ్లకీ తెగదు. ఒక కుక్కను, దాన్ని అడిగిన ఇళ్లను, ఒక్కో చోట మేం ఏమనుకుని ఏం చేశామన్నదాన్ని వరసగా చూస్తే కొంతైనా తేలుతుంది. ఆ ఉద్దేశంతోనే ఈ కేసు రాస్తున్నాను.

నేను పశువైద్యురాలిని. గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడి వాలంటీర్లు తెచ్చే కుక్కలకు వైద్యం చేస్తాను, ఏ కుక్కను ఎవరికివ్వాలన్న నిర్ణయంలోనూ కూర్చుంటాను. కుక్క పేరు మార్చాను. మనుషుల పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టగలిగే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఊళ్ల నుంచే మాకు కేసులు ఎక్కువ వస్తాయి. 216వ నంబరు జాతీయ రహదారి మీద బండి గుద్దేసినవి, రైస్ మిల్లుల వెనక ఈనిన తల్లులు, ముచ్చట తీరాక వంతెన మీద వదిలేసిన ల్యాబ్‌లు, పమేరియన్లు. షెడ్డు కొబ్బరితోటలో అద్దెకు తీసుకున్నది. చోటు తక్కువ. ఒక కుక్క బయటికి వెళ్తేనే ఇంకో కుక్కకి జాగా దొరుకుతుంది. ఈ సంగతి దత్తత గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మర్చిపోతారు. ఒక ఇంటికి 'ఇవ్వం' అన్నామంటే ఆ కుక్క ఇంకొన్నాళ్లు షెడ్డులోనే ఉంటుంది, దాని జాగాలోకి రావాల్సిన ఇంకో కుక్క రోడ్డు మీదే ఉంటుంది.

దత్తత ఫారం మేం సొంతంగా రాసుకున్నది కాదు. పెద్ద నగరంలో ఒక గ్రూపు వాడే ఫారాన్ని తెచ్చి తెలుగులోకి మార్చుకున్నాం. సొంత ఇల్లు ఉండాలి. చుట్టూ ప్రహరీ, గేటు ఉండాలి. కుక్క రాత్రి ఇంట్లోనే పడుకోవాలి. ఎప్పుడూ కట్టకూడదు. ఒంటరిగా ఉండే బ్యాచిలర్లకు ఇవ్వం. గతంలో కుక్కను పెంచి ఉంటే దాని టీకా కార్డు చూపించాలి. వారానికో వీడియో వాట్సాప్‌లో పంపాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఏటా టీకాలు తప్పనిసరి. వేరేవాళ్లకి ఇచ్చేయకూడదు, వద్దనుకుంటే మాకే తిరిగివ్వాలి.

ఈ షరతులను ఎద్దేవా చేయడం తేలిక. కానీ ఒక్కో వాక్యం వెనక ఒక్కో కుక్క ఉంది. ఆదివారం దత్తత శిబిరంలో పిల్లలు మారాం చేశారని తీసుకెళ్లి, పరీక్షల రోజులు రాగానే కూరగాయల మార్కెట్లో వదిలేసిన కూన ఉంది. మొదటి టీకా కూడా పడకముందే ఇచ్చేస్తే పార్వో వైరస్ సోకి రక్త విరేచనాలై రెండు రోజుల్లో పోయినది ఉంది. రొయ్యల చెరువు గట్టున మోటారు షెడ్డుకి గొలుసేసి వదిలేస్తే, ఎదిగే మెడకి పట్టీ కోసుకుపోయి, పుండులో పురుగులు పట్టి నా టేబుల్ మీదికి వచ్చినది ఉంది. దాన్ని శుభ్రం చేస్తున్నంతసేపూ పక్కన నిలబడి ఏడ్చిన వాలంటీరే తర్వాత 'ఎప్పుడూ కట్టకూడదు' అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో రాసింది. ఆ అమ్మాయి కోపం న్యాయమైనదే.

కుక్క

దీన్ని ఇక్కడ చిట్టి అంటాను. ఆడది, దేశవాళీ జాతి, పళ్లను బట్టి రెండేళ్ల వయసు. హైవే మీద లారీ గుద్దితే కుడి వెనక కాలు నుజ్జయింది. పిడుదుల జ్వరం కూడా ఉండటంతో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. రక్తం ఆగదన్న భయంతో ముందు మందులతో కాస్త నిలదొక్కుకోనిచ్చి, తర్వాత కాలు తీసేశాను. జ్వరానికి డాక్సీసైక్లిన్ మందు 28 రోజుల కోర్సు పూర్తి చేశాం. కుక్క తన బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే మోస్తుంది కాబట్టి, వెనక కాలు పోయినవి ముందు కాలు పోయినవాటికన్నా త్వరగా సర్దుకుంటాయి. చిట్టి కూడా తొందరగానే మూడు కాళ్ల నడకకు అలవాటు పడింది. ఒళ్లు కోలుకున్నాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) కూడా కలిసిన బహుళ టీకా వేశాం.

కోలుకున్న ఒళ్లు షెడ్డులో మళ్లీ పాడవడం మొదలైంది. పక్క గదుల్లో కుక్కలు మొరుగుతుంటే తినేది కాదు. ఒకే గీత మీద అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. ముందుపాదం అదేపనిగా నాకి నాకి వెంట్రుకలు ఊడిపోయాయి. చర్మ వ్యాధేమోనని గీరి చూశాను, ఏమీ లేదు. ఇది ఒత్తిడి. షెడ్డులో ఎక్కువ కాలం ఉన్న కుక్కల్లో ఇలా చూస్తూనే ఉంటాం. దీనికి మందు షెడ్డు నుంచి బయటికి పంపడమే.

ఇద్దరు అడిగారు

మొదట అడిగింది ఒక లంక (గోదావరి పాయల మధ్య దీవి) గ్రామం నుంచి వచ్చిన ఆవిడ. మేకపిల్లకి కడుపుబ్బరమని నా దగ్గరికి తీసుకొచ్చి, అక్కడ చిట్టిని చూసింది. "ఇదెవరిదండీ? ఎవరూ లేకపోతే మేం పెంచుకుంటామండి" అంది. భర్త కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. ఆవిడ కూరగాయల పాదుల్లో కూలికి వెళ్లి, మిగతా వేళ ఇంట్లో కొబ్బరి ఈనెలతో చీపుర్లు కడుతుంది. ఇంట్లో ముసలి అత్తగారు, బడికెళ్లే కొడుకు.

ఫారం నింపుతుంటే దాదాపు ప్రతి గడిలోనూ ఆవిడ తప్పింది. ఇల్లు ఉంది గానీ స్థలానికి కాగితాలు లేవు. ప్రహరీ లేదు. కుక్క అరుగు మీద పడుకుంటుంది. గతంలో ఓ కుక్క ఉండేది, కార్డు లేదు. మామూలు ఫోనే ఉంది, వీడియోలు పంపలేదు. ఇక 'కట్టేస్తారా?' అని అడిగితే "ఆయ్, పొద్దున్న నేను పాదుల్లోకి వెళ్లినప్పుడు కడతానండి" అంది. ఫారం మీద 'తిరస్కరణ' అని రాశారు. ఆవిడ చిట్టి తల నిమిరి వెళ్లిపోయింది.

తర్వాత అడిగింది పట్టణంలో ఒక కుటుంబం. సొంత డాబా, చుట్టూ ఎత్తయిన ప్రహరీ, ఇనుప గేటు, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. పాత కుక్క టీకా కార్డు భద్రంగా దాచి తెచ్చి చూపించారు. అన్ని గడుల్లోనూ సరైన జవాబులే. కాలు లేని కుక్కని అడిగినందుకు వాళ్ల మీద మాకందరికీ గౌరవం కలిగింది. చిట్టిని వాళ్లకిచ్చాం.

పట్టణం ఇంట్లో ఏం జరిగింది

ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దత్తత విఫలమైతే వెంటనే మనుషుల్ని తిట్టడం మా రంగంలో అలవాటు. ఆ ఇంటికీ ఈ కుక్కకీ పొసగలేదు, అంతే.

ఇల్లంతా నున్నటి గ్రానైట్. నాలుగు కాళ్ల కుక్కకే జారే నేల అది, ఒకే వెనక కాలితో చిట్టి లేవబోయిన ప్రతిసారీ చతికిలబడేది. కొన్నాళ్లకి లేవడమే మానేసింది. ఉదయం అందరూ వెళ్లిపోతే సాయంత్రం దాకా ఒంటరి. షెడ్డులో చప్పుడుకు బెదిరిన కుక్క ఇక్కడ నిశ్శబ్దానికి బెదిరి మొరగడం మొదలెట్టింది. పక్కింటివాళ్లు గొడవపడ్డారు. దాంతో కారు షెడ్డులో కట్టారు. నేల తవ్వింది. పనిమనిషి దగ్గరికి వస్తే గుర్రుమంది. ఆమె భయపడి పని మానేస్తానంది. చివరికి ఇంటాయన ఫోన్ చేసి, చాలా ఇబ్బంది పడుతూ, "డాక్టర్ గారూ, మా వల్ల కావట్లేదండి" అన్నారు.

తిరిగి తెచ్చాం. కాస్త బరువు తగ్గింది, మిగిలిన వెనక కాలి కండ కొద్దిగా కరిగింది. గాయాలేం లేవు.

ఈ దశలో నాకు తోచిన సంగతులు రెండు. ఫారంలోని అన్ని షరతుల్లోకీ ఆ రోజు చిట్టిని కాపాడింది ఒక్కటే: వద్దనుకుంటే మాకే తిరిగివ్వాలన్నది. ఆ మాట మనసులో ఉండబట్టే ఆయన మొహమాటపడుతూనైనా ఫోన్ చేశారు, వంతెన మీద వదల్లేదు. రెండోది, ఆ ఇంటి గురించి మేం అడగాల్సిన ప్రశ్నలు ఫారంలో లేనేలేవు. నేల ఎలాంటిది, పగలు ఇంట్లో ఎవరుంటారు, కుక్క మొరిగితే ఏం చేస్తారు. ప్రహరీ ఉందా అని అడిగాం, ఉందన్నారు. అక్కడితో మా పని అయిపోయిందనుకుని సంతకం పెట్టించుకున్నాం.

'ఎప్పుడూ కట్టం' అని రాసిచ్చిన ఇల్లు కట్టింది. 'కడతాను' అని నిజం చెప్పిన ఇంటిని ఆ నిజం చెప్పినందుకే కాదన్నాం. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ ప్రశ్న తీరు అర్థమవుతుంది. ఏ జవాబు రాస్తే కుక్కనిస్తారో ప్రశ్నలోనే కనబడుతుంటే, చదువుకున్నవాళ్లు ఆ జవాబే రాస్తారు. అబద్ధమాడాలని కాదు, ఆ క్షణంలో వాళ్లూ అదే నమ్ముతారు. ఫారాలు నింపి అలవాటు లేనివాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబుతారు. అలా మా ఫారం మాకు తెలియకుండానే డబ్బునీ, చదువునీ వడగట్టే జల్లెడైంది. డెల్టాలో ప్రహరీ ఎవరికి ఉంటుందో, ఎవరికి ఉండదో అందరికీ తెలుసు.

రొయ్యల చెరువు

తిరిగొచ్చాక చిట్టి ఎక్కడికి వెళ్లాలన్న చర్చలో ఒక రొయ్యల చెరువుల యజమాని వచ్చారు. మూడు నాలుగు కుక్కలు కావాలి, ఏవైనా పర్వాలేదు, వెంటనే తీసుకెళ్తానన్నారు. "గట్టు మీద ఎంత స్వేచ్ఛగా తిరుగుతాయో చూడండి" అన్నారు. షెడ్డు నిండిపోయి ఉన్న రోజులు. షరతులు సడలించాలన్నవాళ్లలో కొందరు ఇచ్చేద్దామన్నారు.

నేను ఆయన్ని అడిగింది ఒకటే. "ఇంతకు ముందు మీ చెరువు దగ్గరున్న కుక్కలు ఏమయ్యాయండీ?"

ఆయనకి తెలియదు. ఒకటి ఎటో పోయింది, ఒకటి చచ్చిపోయిందనుకుంటానన్నారు. ఎలా అంటే కాపలా కుర్రాణ్ణి అడగాలన్నారు. కుక్కకి అన్నం ఎవరు పెడతారంటే ఆ కుర్రాడే అన్నారు. ఆ కుర్రాడు పంట పంటకీ మారిపోతాడని కూడా ఆయనే చెప్పారు. ఇవ్వలేదు.

కారణం చెరువు కాదు. చెరువుల మీద కాపురముండే కాపలా కుటుంబాలు కుక్కని ప్రాణంగా చూసుకోవడం నేను చూశాను. అక్కడ ఆ కుక్కకి 'నాది' అనే మనిషి ఒక్కరూ లేరు. రాత్రంతా గొలుసుకి కట్టి, పగలు ఎవరూ విప్పని కాపలా కుక్క బతుకు చట్టం ప్రకారం కూడా నేరమే. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ఈ విషయం సూటిగా చెబుతుంది. మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో అన్యాయంగా ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని బయట తిప్పకపోవడం, రెండూ క్రూరత్వం కిందికే వస్తాయి. గమనించాల్సింది ఏమిటంటే, ఆ చట్టం కూడా కట్టడాన్నే నిషేధించలేదు. ఎంతసేపు, ఎలా అన్నదే చూసింది. మా ఫారం చట్టం కన్నా కఠినంగా మాట్లాడింది గానీ చట్టం అడిగిన అసలు ప్రశ్న అడగలేదు.

లంక ఊళ్లో

చిట్టికి ఇంకా మంచి ఇల్లు దొరికే దాకా షెడ్డులో ఉంచుదామన్నది ఒక ఆలోచన. మూడు కాళ్ల, ఎదిగిన, ఆడ, దేశవాళీ కుక్కని అడిగేవాళ్లు చాలా అరుదు. కూనలు, అందులోనూ మగవి, ముందు పోతాయి. అప్పటికే దాని పాదం మళ్లీ ఎర్రబడింది. ఎదురుచూడటం వల్ల నష్టమేం లేదన్నట్టు మాట్లాడుకుంటున్నాం గానీ, ఆ నష్టం రోజూ నా కళ్ల ముందే ఉంది. లంక ఆవిడని మళ్లీ చూడాలని నేను పట్టుబట్టాను. ఈసారి ఫారం లేకుండా, ఇంటికి వెళ్లి మాట్లాడదామన్నాను.

రేవు దాటి వెళ్లాం. ఇల్లు కొబ్బరితోటలో ఉంది. ఇసుక కలిసిన మెత్తటి నేల, అలికిన అరుగు. మూడు కాళ్ల కుక్కకి ఇంతకన్నా మంచి నేల ఉండదు, గోళ్లు దిగబడి పట్టు దొరుకుతుంది. లారీలు రావు, సన్నటి సిమెంటు దారిలో అప్పుడప్పుడు మోటారు సైకిలు వెళ్తుంది. ప్రహరీ ఎందుకు అడుగుతున్నామో అక్కడ నిలబడి ఆలోచిస్తే, రోడ్డు ప్రమాదాల కోసం. ఏ హైవే మీద ఈ కుక్క కాలు పోయిందో ఆ హైవే ఇక్కడ లేనేలేదు.

కట్టడం గురించి అడిగాను. "మా అత్తగారికి చూపు ఆనదండి. కాళ్లకడ్డం పడితే ఆవిడ పడిపోద్ది. అందుకని నేను వచ్చేదాకా కడతానండి. పదింటికల్లా వచ్చేస్తాను, వచ్చి వదిలేస్తాను." అత్తగారు అరుగు మీద నుంచే, "నా దగ్గర కడితే చాలు, మాటాడతా కూకుంటాను" అంది. పట్టణంలో పగలంతా ఒంటరిగా ఉండి బెదిరిపోయిన కుక్కకి, ఇక్కడ రోజంతా పక్కన ఒక మనిషి ఉంటుంది.

పాత కుక్క ఏమైందని అడిగాను. "ముసలిదై పోయిందండి. పళ్లూడిపోతే అన్నం పిసికి పెట్టేదాన్ని. అదుగో, ఆ చెట్టు మొదట్లోనే పాతాం." టీకాలు? "ఊళ్లోకి పిచ్చికుక్క వచ్చినప్పుడు పశువుల డాక్టరు గారొచ్చి అన్నిటికీ సూదేశారండి." కార్డు లేదన్న గడి వెనక ఉన్న సంగతి ఇది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు వీళ్లు మేకలతో పాటు ఆ ముసలి కుక్కని కూడా పడవలో ఎక్కించుకుని ఏటిగట్టు మీద బరకం కింద ఉన్నారు.

మేం అడగబోయే ప్రశ్న ఆవిడే మమ్మల్ని అడిగింది. "కాలు లేదు కదండీ డాక్టరమ్మా, ఏరు పొంగితే ఇది ఈదగలదంటారా?" మా ఫారంలో వరద గురించి ఒక్క ముక్క లేదు. లంకలో కుక్కకి అన్నిటికన్నా పెద్ద ముప్పు అదే. ఈదగలదు గానీ తొందరగా అలిసిపోతుందని చెప్పాను. "అయితే ముందే దాటించేయాలి" అని తనలో తాను అనుకుంది.

అభ్యంతరాలు, ఒప్పందం

గ్రూపులో అందరూ ఒప్పుకోలేదు. ఎర్ర సిరా వాలంటీరు మాట ఇది: "ఈవిడ మంచిదే. కానీ రేపు ఇంకొకరు ఇలాగే తియ్యగా మాట్లాడితే? అందరి ఇళ్లకీ మీరు వెళ్లి మాట్లాడతారా?" ఇంకొకరు సుప్రీంకోర్టు మాట తెచ్చారు. 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వుల్లో, వీధి కుక్కను దత్తత కావాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని కోర్టు చెప్పింది. దాన్ని బట్టి ప్రహరీ ఇంకా ముఖ్యం కాదా అని ఆయన ప్రశ్న. గౌరవించాల్సిన ప్రశ్నే. నా జవాబు, కోర్టు బాధ్యతను పెట్టింది మనిషి మీద. ఆ మనిషి కుక్కను వదిలేస్తారా, వెతుక్కుంటారా అన్నది ప్రహరీని చూస్తే తెలియదు. ప్రహరీ ఉన్న ఇళ్ల నుంచే ల్యాబ్‌లు వంతెన మీదికి వస్తున్నాయి.

వెంటనే దత్తత అనకుండా, కొంతకాలం వాళ్ల దగ్గర ఉంచి చూద్దామన్న దగ్గర రాజీ కుదిరింది. ఆ ఇంటికి తగ్గ షరతులు ఆవిడతో కూర్చునే రాసుకున్నాం. ఇంటి చుట్టూ కొబ్బరిమట్టల దడి వాళ్లే కట్టుకుంటారు. ఇంటికి అలవాటయ్యేదాకా బయటికి వెళ్లినప్పుడల్లా పొడుగు తాడు ఉంటుంది. పగలు కట్టే తాడు అరుగు దగ్గర నీడలో, నీళ్లు అందేలా ఉండాలి. గొలుసు వద్దు, నూలు తాడు చాలు. వరద రోజుల్లో అసలు కట్టకూడదు, కట్టిన జంతువు నీళ్లలో తప్పించుకోలేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వేస్తే, రెండోదాని కోసం చూడకుండా చిట్టిని రేవు దాటించి మా వాలంటీరుకి అప్పగించాలి. లోతట్టు లంకల్లో కాజ్‌వేలు అంతకు ముందే మునిగిపోతాయి కాబట్టి, దారి మునిగేలా ఉంటే హెచ్చరిక కోసం కూడా ఆగొద్దని రాసుకున్నాం.

తిండి విషయంలో ప్యాకెట్ ఆహారం మాట ఎత్తలేదు. అన్నంలో గుడ్డో, చేపో కలిపి పెట్టమన్నాం. ఉప్పు చేప, ఉల్లిపాయ, ఉడికించిన ఎముకలు వద్దన్నాం. బరువు పెరిగితే ఉన్న ఒక్క వెనక కాలి మీద భారం పడుతుందని చెప్పాం. వీడియోల బదులు, గ్రామంలోని పశుసంవర్ధక సహాయకుడు మేకల్ని చూడటానికి వచ్చినప్పుడు చిట్టిని కూడా చూసి మాకు ఫోన్ చేస్తాడు. వీడియోలో కనబడని చెవి, చర్మం, పిడుదులు ఆయన చేత్తో చూస్తాడు. నాకు ఇదే నయమనిపించింది.

తర్వాత

సాఫీగా సాగలేదు. తాడు తీసేసిన కొన్నాళ్లకి చిట్టి పక్కింటి కోడిని చంపింది. పల్లెలో ఇది చిన్న తగాదా కాదు. ఆవిడ కోడి ఖరీదు ఇచ్చేసి, మధ్యవర్తిగా పెద్దాయనొకరిని కూర్చోబెట్టి, సర్దుబాటు చేసుకున్నాకే మాకు చెప్పింది. కుక్కని తీసుకుపొమ్మని కాదు, కోళ్ల జోలికి వెళ్లకుండా ఎలా అలవాటు చేయాలో అడగడానికి. తాడు మళ్లీ వేసి, కోళ్లు కనబడగానే పేరు పిలిచి, వెనక్కి తిరిగి చూస్తే చేపముక్క పెట్టమన్నాను. ఓపిక కావాల్సిన పని. ముసలావిడే ఎక్కువ చేసింది. చూపు ఆనకపోయినా కోళ్ల చప్పుడు వినబడగానే చిట్టిని పిలిచేదట.

కాలు తీసేసిన చోట చర్మం రాపిడికి ఒకసారి పుండు పడింది, సహాయకుడు మొదట్లోనే పట్టుకున్నాడు. పాదం నాకడం ఆగిపోయింది, వెంట్రుకలు వచ్చాయి. వానాకాలంలో ఏరు పెరిగినప్పుడు ఆవిడ మాట ప్రకారం హెచ్చరిక రాకముందే చిట్టిని పడవలో పంపింది. నీళ్లు తీశాక వచ్చి తీసుకెళ్లింది. ఆ తర్వాతే దత్తత కాగితాల మీద సంతకాలు అయ్యాయి. ఏటా రేబిస్, లెప్టో టీకాలకి తనే తీసుకొస్తుంది. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలిసే చోట లెప్టో టీకా వదలకూడదని ఒకసారి చెబితే గుర్తుపెట్టుకుంది.

మా షరతుల్లో ఏం మారింది

షరతులు కఠినంగా ఉండాలా, సులువుగా ఉండాలా అన్నది నా దృష్టిలో తప్పు ప్రశ్న. ఒక్కో షరతునీ విడిగా పట్టుకుని, ఇది ఏ కీడును ఆపడానికి పెట్టాం, ఈ ఇంట్లో ఆ కీడు ఉందా అని అడగాలి. కొన్ని షరతులు ఏ ఇంట్లోనైనా ఒకటే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాకే ఎదిగిన కుక్కని ఇవ్వడం, రేబిస్ టీకా, ఇంట్లో అందరి ఒప్పుదల, ముఖ్యంగా రోజూ అన్నం పెట్టే మనిషి ఒప్పుదల, వేరేవాళ్లకి ఇవ్వకుండా మాకే తిరిగివ్వడం. వీటిని సడలించలేదు, సడలించం. ఆపరేషన్ కాని ఆడకుక్కను ఇస్తే దాదాపు 63 రోజుల గర్భం తర్వాత అరడజను కూనలు మళ్లీ అదే మార్కెట్లో తేలతాయి. చిన్న కూనల్ని టీకాలు మొదలవకుండా ఇవ్వడం కూడా పూర్తిగా ఆపేశాం. వాటికి ఆపరేషన్ వయసు వచ్చాక మేమే చేస్తామని రాసుకుని, మేమే గుర్తుపెట్టుకుని పిలుస్తాం. వాళ్లే తెస్తారని వదిలేస్తే సగంమంది మర్చిపోతారు.

సొంత ఇల్లు, ప్రహరీ, స్మార్ట్‌ఫోన్, బ్యాచిలరా కాదా అన్నవి తీసేశాం. అవి కొన్ని కీడుల్ని సూచించే గుర్తులు మాత్రమే. ఆ కీడు గురించి సూటిగా అడగగలిగినప్పుడు గుర్తుల మీద ఆధారపడక్కర్లేదు. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, ఇల్లు మారితే కుక్క సంగతేంటి అని అడుగుతాం. అమెరికాలో ఒక షెల్టర్ షరతుల పద్ధతి నుంచి మాటామంతీ పద్ధతికి మారినప్పుడు, జంతువులకు అందే సంరక్షణలో తేడా రాలేదని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. అది ఒక్క షెల్టర్, వేరే దేశం. మా నిర్ణయానికి అదొక్కటే ఆధారం కాదు గానీ, మాట్లాడితే మోసపోతామన్న భయానికి కొంత జవాబు.

ఎర్ర సిరా వాలంటీరు అభ్యంతరం ఇప్పటికీ అలాగే ఉంది, అందులో ఒక భాగం నిజం. మాటామంతీకి మనిషి కావాలి, సమయం కావాలి, రేవు దాటి వెళ్లాలి. ఫారం ఎవరైనా నింపించగలరు. మాట్లాడటం నేర్పాలి. అందుకే ఆ అమ్మాయినే ఇంటింటి మాటలకి తీసుకెళ్తున్నాను. గొలుసు పుండు చూసిన కళ్లకి, ఇంట్లో అడుగుపెట్టగానే మేం చూడనివి కనబడతాయి. ఒక ఇంట్లో అన్నీ బాగున్నాయని మేమనుకుంటుంటే, పెరట్లో చెట్టు మొదట బెరడు చుట్టూ అరిగిన గీత చూసి, ఇక్కడ చాన్నాళ్లు ఏదో కట్టేసి ఉందని తనే పట్టుకుంది. అడిగితే పాత కుక్క అన్నారు. ఇవ్వలేదు.

ప్రస్తుతం మా దగ్గరున్న దరఖాస్తు చెరువు మీద కాపలా ఉండే ఒక కుటుంబానిది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, గట్టు మీద రేకుల గది. పాత ఫారం ప్రకారం చదవకుండానే తిరస్కరించేవాళ్లం. అంతకు ముందున్న కుక్క గురించి అడిగితే, అది ఏ రోజు ఏం తిని జబ్బుపడిందో పిల్లలే చెప్పారు. ఇంకా తేలాల్సినవి రెండున్నాయి. చెరువు లీజు అయిపోతే ఈ కుటుంబం ఎక్కడికి వెళ్తుంది, కుక్క వాళ్లతో వెళ్తుందా, చెరువుతో పాటు ఉండిపోతుందా? చెరువుల్లో వాడే మందులు, బ్లీచింగ్ ఎక్కడ నిలవ ఉంచుతారు? మొదటిదానికి చెరువు యజమానితో కాకుండా ఆ భార్యతో మాట్లాడాలని అనుకున్నాం. రెండోది వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.